నాన్నమ్మ పెన్సిల్‌తో రాసుకున్న మాట

చిన్నితల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "నాన్నా, నాన్నమ్మను మళ్ళీ చూస్తామన్నది నిజమేనా? లేకపోతే ఏడుపు ఆపుకోడానికి అందరం చెప్పుకునే మాటా?" అన్నావు. నాకు గొంతు పట్టేసింది, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. ఇది ఫోన్‌లో తేలేది కాదమ్మా, అందుకే రాస్తున్నా.

అలా అడిగినందుకు నీ విశ్వాసం సన్నగిల్లిందేమోనని టెన్షన్ పడకు. సమాధి దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? నాన్నమ్మను మట్టిలో పెట్టి వచ్చిన రాత్రి నాకూ వచ్చింది. నిద్ర పట్టక లెక్క వేశాను. నాన్నమ్మవి 78 ఏళ్ళు, అంటే 28,000 పైచిలుకు రోజులు. ఇంతేనా అనిపించింది. నావి అప్పుడే 19,000 దాకా అయిపోయాయి. 90వ కీర్తనలో మోషే, మనిషి ఆయుష్షు 70 ఏళ్ళు, బలముంటే 80 అని చెప్పి, మా రోజులు లెక్కపెట్టుకోవడం నేర్పించమని దేవుణ్ణి అడుగుతాడు. చిన్నప్పటి నుంచీ చదువుతున్న కీర్తనే. కానీ నిజంగా కూర్చుని లెక్కపెట్టింది మాత్రం ఆ రాత్రే.

తెల్లవారుజామున నాన్నమ్మ బైబిలు తీసి యోహాను సువార్త 11వ అధ్యాయం చదివాను. యేసు ప్రేమించిన స్నేహితుడు లాజరు చనిపోయి, సమాధిలో పెట్టి అప్పటికి 4 రోజులు. యేసు ప్రభువు వాళ్ళ ఊరు బేతనియకు వస్తాడు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే చూసి తానూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నాకు ఎంతో ఊరటనిచ్చింది ఆ చిన్న వాక్యమే. నిరీక్షణ, అంటే చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న ఆశ, ఉన్నవాళ్ళు ఏడవకూడదని మనకు కొందరు చెప్పారు గుర్తుందా? ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ అది సరికాదు. అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘంవాళ్ళకు రాసింది నిరీక్షణ లేనివాళ్ళలాగా దుఃఖపడొద్దని, అసలు దుఃఖపడనే వద్దని కాదు. నువ్వు ఏడవాలనిపించినంత ఏడువు తల్లీ. మరణాన్ని బైబిలు శత్రువనే అంటుంది, కడపటి శత్రువు అని. దాన్ని మంచిదని మనం ఒప్పుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి ఆ రోజే నా కంటబడింది. లాజరు బయటికి వచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ బట్టలతో కట్టి ఉన్నాయి, ముఖానికి రుమాలు చుట్టి ఉంది. ఎవరో వచ్చి విప్పాల్సి వచ్చింది. అతను తిరిగొచ్చింది మన బతుకులాంటి బతుక్కే, మళ్ళీ ఒకరోజు చనిపోవాల్సినవాడే. అదే యోహాను 20వ అధ్యాయంలో చూడు. యేసు ప్రభువు సమాధిలో నారబట్టలు అక్కడే పడి ఉన్నాయి, తలకు కట్టిన రుమాలు వేరేచోట చుట్టి పెట్టి ఉంది. ఆయనకు కట్లు విప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది. మరణం ఆయన్ని ఇక పట్టుకోలేదు. నాన్నమ్మ గురించి మనం ఎదురుచూసేది ఇలాంటి జీవం కోసమే. ఆ నొప్పులూ ఆ ఆయాసమూ ఉన్న ఒంట్లోకి ఆమె తిరిగి రావాలని కాదు.

"ఓదార్పు కోసం చెప్పుకునే మాటా?" అన్నావు. పౌలు కూడా దీన్ని అలా వదిలేయలేదు. క్రీస్తు చనిపోయి తిరిగి లేవకపోతే మన విశ్వాసం వ్యర్థం అని కొరింథు సంఘంవాళ్ళకు రాసేశాడు. యేసు సిలువ వేయబడిన సుమారు పాతికేళ్ళకే రాసిన ఉత్తరం అది. లేచిన ఆయన్ని ఒకేసారి 500 మందికి పైగా చూశారనీ, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ అందులో రాశాడు. ఆ మాట అబద్ధమైతే నిలదీయడానికి మనుషులు ఉన్న కాలమది. ఖాళీ సమాధిని ముందు చూసింది స్త్రీలు. వాళ్ళు చెబితే అపొస్తలులే వెర్రిమాటలనుకున్నారని లూకా దాచకుండా రాశాడు. కథ కట్టేవాళ్ళు ఎవరైనా తమవాళ్ళను ఇంత అవిశ్వాసులుగా చూపించుకుంటారా? నాకైతే ఇది గట్టిగా పట్టుకోదగ్గదిగా ఉంది. నా కళ్ళతో చూడలేదు, నిజమే. కానీ గాలిలో మేడ కట్టుకోవడం లేదు మనం.

యోహాను 11:25 దగ్గర నాన్నమ్మ పెన్సిల్ గీత ఉంది. పునరుత్థానమును జీవమును నేనే అని చెప్పి, "ఈ మాట నమ్ముచున్నావా?" అని ప్రభువు లాజరు ఇంకో తోబుట్టువు మార్తను అడుగుతాడు కదా, ఆ పక్కన అంచులో నాన్నమ్మ చేతిరాతతో "అవును ప్రభువా" అని ఉంది. కింద తేదీ. తాతయ్యను పాతిపెట్టిన మర్నాటి తేదీ అది. "ప్రభువా" దగ్గర అక్షరాలు వణికి గీతలోకి దిగిపోయాయి. 16 ఏళ్ళుగా ఆ బైబిలు మన ఇంట్లోనే ఉన్నా నేను చూడలేదు.

ఆ రాత్రి నేనూ పెన్సిల్ తీశాను కానీ రాయలేకపోయాను. ఇవాళ పొద్దున రాశాను, నాన్నమ్మ రాసినదాని కిందే. ఆమె కళ్ళద్దాలు ఆ పేజీలోనే పెట్టి ఉంచాను. నువ్వు వచ్చినప్పుడు రెండూ నీకే ఇస్తాను.

నాన్న