పేరు చెప్పని సీనియర్‌కు కృతజ్ఞతలు

పూర్వ విద్యార్థుల సంఘం ద్వారా నా మెస్ బిల్లు కట్టి, పుస్తకాలు కొనిపెట్టిన మీకు నమస్కారాలు. ఎన్నిసార్లు అడిగినా సంఘం వాళ్లు మీ పేరు చెప్పలేదు.

మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీ. ఎంబీబీఎస్ అంటే 4½ ఏళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది, సరే. నెలనెలా మెస్ డబ్బులో? నాన్న పత్తి అమ్మిన డబ్బు ఏ మూలకూ చాలదు.

మీరు పంపిన బోన్ సెట్‌లో తొడ ఎముక మీద కండరాలు మొదలయ్యే చోట ఎరుపు, అతుక్కునే చోట నీలం గుర్తులున్నాయి. అవి మీరు పెట్టినవేనా? వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, నన్ను గట్టెక్కించింది అవే.

మొన్న వార్డులో ఒక అవ్వకు గోండి తప్ప మరో భాష రాదు. ఆమె నొప్పి ఎక్కడో కనుక్కోమని మా ప్రొఫెసర్ నన్నే పిలిచారు. ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.