మేనరికం మీద ఉపన్యాసాలు సరే, వంశవృక్షం రాసేదెవరు?

సంపాదకుడు గారికి,

అయ్యా, మేనరికాల మీద అవగాహన సదస్సు జరిగిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. మేనరికం చేసుకుంటే అవిటి పిల్లలే పుడతారని వేదిక మీద అధికారి సెలవిచ్చారట. మీరు దాన్నే పెద్దక్షరాల్లో వేశారు. మేనత్త కొడుకును చేసుకుని ఇప్పుడు నెల తప్పిన ఆడపిల్ల అది చదివి ఏమైపోవాలి? భార్యాభర్తలిద్దరిలో ఒకే జన్యు లోపం దాగి ఉంటే ప్రతి కాన్పుకూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. దగ్గర చుట్టాల్లో ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. సంగతి అంతవరకే. మేనరికపు బిడ్డలు చాలామంది నిక్షేపంలా ఉన్నారు, వేదిక మీది పెద్దల ఇళ్లలోనూ ఉండే ఉంటారు.

అదే వార్తలో విక్టర్ మెకుసిక్‌ని ‘అమెరికా డాక్టరు ఒకాయన’ అని తేల్చేశారు. వైద్య జన్యుశాస్త్రానికి పితామహుడాయన! 1921లో పాడి రైతు ఇంట కవలల్లో ఒకడిగా పుట్టి, గుండె డాక్టరయ్యాడు. పొడుగాటి చేతులూ వేళ్లూ ఉండే మార్ఫాన్ అనే వంశపారంపర్య జబ్బు రోగుల గుండె చూడబోయి, వాళ్ల తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ చూడటం మొదలుపెట్టాడు. 1957లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జన్యు వైద్య విభాగం పెడితే, బంగారంలాంటి ప్రాక్టీసు పాడుచేసుకుంటున్నాడన్నారు తోటివాళ్లు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే అమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల పల్లెలకు వెళ్లి, వాళ్లు దాచుకున్న వంశావళులు చూసి, పల్చటి జుట్టుతో పొట్టిగా పెరిగే జబ్బును విడిగా గుర్తించాడు. తెలిసిన వంశపారంపర్య లక్షణాలన్నీ పోగుచేసి 1966లో వేసిన పుస్తకం 12 కూర్పులకు పెరిగింది. 1987 నుంచి కంప్యూటర్లోకి ఎక్కింది. డాక్టర్లు ఈరోజుకీ వెతుక్కునేది అందులోనే. అమెరికా దాకా ఎందుకు, మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడిగా 1960 ప్రాంతంలోనే ఆంధ్రలో మేనరికాల లెక్కలు తీశారు. సదస్సులో ఆ పేరు ఎవరికైనా తట్టిందా?

ఇక మా దర్శి వైపు సంగతి. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఇక్కడి ఫ్లోరైడ్ జబ్బు వైద్య పత్రికకెక్కింది. నీళ్ల సంగతి అబద్ధం కాదు. కానీ అప్పటినుంచీ ఏ బిడ్డ కాళ్లు వంకరపోయినా ‘నీళ్లండీ’ అనేసి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. మా వీధిలో ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే అవస్థ, గోడకు చెయ్యి ఆనిస్తే గానీ అడుగు పడదు. పక్కింటి పిల్లలూ ఆ బోరు నీళ్లే తాగి బడికి పరుగెత్తుతున్నారు. ఆ తల్లి పెద్దాసుపత్రికి తీసుకెళితే చీటీ మీద ‘ఫ్లోరోసిస్’ అని గీకి, కాల్షియం మాత్రలిచ్చి పంపారు. మేనరికమా అని గానీ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని గానీ అడిగిన పాపాన పోలేదు. ఆ ఇంటి ముసలమ్మను కూర్చోబెడితే ఏడు తరాలు అప్పజెబుతుంది. రాసుకునే నాథుడేడీ?

సదస్సుకు మాత్రం శాలువాలు, బొకేలు, జ్యోతి ప్రజ్వలన. ఎవరు ఎవరిని సన్మానించారో మీ విలేకరి వరసతప్పకుండా పేర్లు రాశాడు. మిగిలిన సగం పేజీ నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకే సరిపోయింది. ఒకప్పుడు మీ పత్రికలో సైన్సుకు ఒక పేజీ ఉండేది.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు ఏ ఆసుపత్రికి, ఏ రోజు వెళ్లి, ఎవరిని కలవాలో ఆ అధికారిని అడిగి రాబట్టి, అదీ పెద్దక్షరాల్లోనే వేయండి. ప్రకటన కాదు కాబట్టి పైసా రాదు, నాకు తెలుసు.

— ఒక రిటైర్డ్ సైన్సు టీచరు, దర్శి, ప్రకాశం జిల్లా