పెంటావాలెంట్‌లో ఉన్నది ఫ్లూ టీకా కాదు, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

పిల్లలకు ఫ్లూ టీకా మాట ఎత్తగానే చాలామంది తల్లిదండ్రులు చెప్పేది ఒకటే: "అది పడిందండీ, కార్డులో ఉంది." వాళ్లు చూపించేది ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసిన పెంటావాలెంట్, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, వీటితో పాటు ఐదోది హిబ్. హిబ్ పూర్తి పేరు హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి. అందులో ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట ఉంది కాబట్టి ఫ్లూ టీకా అయిపోయిందనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ బ్యాక్టీరియానే ఫ్లూ తెస్తుందని పొరబడ్డాడు. మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను 1933లో గానీ పట్టుకోలేదు. ఈలోగా పేరు స్థిరపడిపోయింది. హిబ్ టీకా మెదడు పొరల వాపు (మెనింజైటిస్), న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియా నుంచి కాపాడుతుంది. ఫ్లూ వైరస్‌కు దానితో సంబంధం లేదు.

ఈ ఒక్క ముక్క ఏఎన్‌ఎం నోటి నుంచి రావాలి. రావడం లేదు, ఎందుకంటే ఫ్లూ టీకా జాతీయ టీకాల పట్టికలో లేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ ఏటా వేయించమంటోంది. పట్టికలో లేనిదాని గురించి ప్రభుత్వ సిబ్బంది మాట్లాడరు. మాట్లాడే ప్రైవేటు డాక్టరును "వ్యాపారం" అంటారు. రెండింటి మధ్య నిర్ణయం వాట్సాప్‌కు వదిలేశాం.

ముందు తేదీల సంగతి, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి పెరుగుతుంది. బడులు జూన్ 12న తెరుస్తారు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అంటే మే 29కి అయిపోవాలి. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేస్తుంటే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి, అంటే మొదటిది మే 1. ఆ తర్వాత ఏటా ఒక్క డోసు చాలు. వాస్తవంలో ఏం జరుగుతోంది? పక్కింటి పిల్లాడు ఆసుపత్రిలో చేరాక, జూలై ఆఖర్లో వస్తారు. లేదంటే అమెరికాలో ఉన్న అక్కయ్య "మాకు అక్టోబర్‌లో వేస్తారు" అందని, వానలన్నీ వెళ్లిపోయాక వస్తారు. అక్కడ చలికాలం ముందు వేస్తారు, మనకు వానల ముందు పడాలి. మొదటి డోసు వేయించుకుని రెండోదానికి రానివాళ్లూ చాలామందే. జలుబుగా ఉందని వాయిదా వేస్తారు. మామూలు జలుబుకి టీకా ఆపనక్కర్లేదు, జూన్‌లో జలుబు లేని పిల్లాడి కోసం వెతికితే ఎవరికీ వేయలేం.

టీకాలో ఏ రకం వైరస్ ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చెబుతుంది: ఉత్తరార్ధ గోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధ గోళానికి సెప్టెంబర్‌లో. మన వానాకాలానికి ముందు మార్కెట్లోకి వచ్చే కొత్త సరుకు దక్షిణార్ధ గోళం ఫార్ములా. అది జిల్లా మందుల దుకాణాలకు చేరేసరికి ఆలస్యమైతే, ఎక్స్‌పైరీకి దగ్గరపడ్డ పాత సరుకే సిరంజిలోకి వెళ్తుంది. పెట్టె మీద ఏ సంవత్సరం ఫార్ములానో చదవమని తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు లేరు.

ఇక ఫ్రిజ్. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. చిన్న క్లినిక్‌లో ఇంటి ఫ్రిజ్ ఉంటుంది. పై అరలో, ఐస్ ట్రేకి ఆనుకుని సిరంజి పెట్టెలు, తలుపు అరలో నీళ్ల సీసాలు. పై అరలోది గడ్డకట్టి కరిగినా చూపుకు తేడా తెలియదు. పెంటావాలెంట్ లాంటి వాటికి షేక్ టెస్ట్ ఉంది: సీసాను ఊపి పెడితే, గడ్డకట్టినదాంట్లో మడ్డి తొందరగా అడుగుకు దిగుతుంది. మామూలు ఫ్లూ టీకాలో అలా మడ్డిగా దిగే అల్యూమినియం ఉప్పు ఉండదు, కాబట్టి షేక్ టెస్ట్ పనికిరాదు. థర్మామీటరు ఒక్కటే ఆధారం. మీ పీహెచ్‌సీల్లో టీకాల కోసమే చేసిన ఫ్రిజ్‌లు (ఐఎల్‌ఆర్‌లు) ఉన్నాయి, ఈవిన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ఉష్ణోగ్రత ఎప్పటికప్పుడు నమోదవుతుంది. ఫ్రిజ్ బాగున్నచోట ఫ్లూ టీకా లేదు, టీకా ఉన్నచోట ఫ్రిజ్‌ను చూసేవాళ్లు లేరు. జిల్లా ఇమ్యునైజేషన్ అధికారులు ఏప్రిల్‌లో ఒకసారి ప్రైవేటు క్లినిక్‌ల ఫ్రిజ్‌లు తనిఖీ చేస్తే ఖర్చు పెట్రోలుకే. డోసు కూడా చూడమనండి. ఇప్పుడు సాధారణంగా ఆరు నెలల పిల్లలకూ 0.5 మి.లీ. వేస్తారు. పాత సగం డోసు అలవాటుతో ఒక సిరంజిని ఇద్దరికి పంచడం రెండు రకాలా ప్రమాదం.

టీకా గురించి అతిగా చెప్పమని మేం అడగడం లేదు. టీకాలోని రకం, బయట తిరిగే వైరస్ బాగా కలిసిన ఏడాదిలో కూడా అది జబ్బును 40 నుంచి 60 శాతం మేర తగ్గిస్తుంది, అంతే. ఆర్‌ఎస్‌వీ, అడినోవైరస్ లాంటి వేరే వైరస్‌లు తెచ్చే జ్వరాలను అది ఆపదు. "వేయించాక కూడా జ్వరం వచ్చింది" అనేది అబద్ధం కాదు, దానికి జవాబు ముందే చెప్పి ఉండాల్సింది. టీకాలో ఉన్నది చంపిన వైరస్, దానివల్ల ఫ్లూ రాదు. వేసినచోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలు. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసుల్లో ఒకటీ అరా, అందుకే వేశాక అరగంట కూర్చోబెట్టాలి. గుడ్డు పడని పిల్లలకూ వేయవచ్చు.

ఖర్చు సుమారు వెయ్యిన్నర నుంచి రెండు వేలు, మొదటి ఏడాది రెండుసార్లు. రోజుకు మూడొందల కూలి లెక్కన పది రోజుల పైన పని. ఆరోగ్యంగా ఉన్న నాలుగేళ్ల పిల్లాడికి ఆ డబ్బు పెట్టలేని తల్లిని ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ ఉబ్బసం, పుట్టుకతో గుండె జబ్బు, తలసేమియా, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుకు స్టెరాయిడ్లు, పాడేరు, రంపచోడవరం వైపు సికిల్ సెల్: ఈ పిల్లలకు ఫ్లూ వస్తే సంగతి వేరు. చాలాకాలంగా ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లకు ఫ్లూ సోకితే మెదడు, కాలేయం దెబ్బతినే రేయ్స్ సిండ్రోమ్ భయం. వీళ్లలో ఎక్కువమంది బోధనాసుపత్రుల ఓపీకి నెలనెలా వస్తూనే ఉంటారు, పేర్లు రిజిస్టరులో ఉంటాయి. వీళ్లకు ఉచితంగా వేయండి, మొదలుపెట్టడానికి అది చాలు. తర్వాత గర్భిణులు: ఆరు నెలల లోపు బిడ్డకు టీకా లేదు, తల్లికి వేస్తేనే ఆ రక్షణ బిడ్డకు అందుతుంది. ఆ తర్వాత ఆరు నెలల నుంచి రెండేళ్ల వాళ్లు. రోటావైరస్ టీకా 2016లో దేశంలో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. ముందు నడవడం ఈ శాఖకు కొత్త కాదు.

ఇదంతా చెప్పే ఒక కాగితం తల్లిదండ్రులకు పంచాలి, టీకా వేయించనివాళ్ల కోసం కూడా అందులో రెండు మాటలు ఉండాలి. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే, లేదా నిద్రలో పూర్తి నిమిషం లెక్కపెట్టినప్పుడు రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆపైన ఏడాది లోపు బిడ్డకు 50, ఆపైన ఐదేళ్ల లోపు బిడ్డకు 40 లేక అంతకన్నా ఎక్కువ శ్వాసలు వస్తే వెంటనే ఆసుపత్రికి. ఫ్లూకి ఇచ్చే మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఏడాది దాటి 15 కిలోల లోపు బిడ్డకు 30 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. సిరప్ లేకపోతే 30 మి.గ్రా. క్యాప్సూల్ విప్పి తీపి నీళ్లలో కలిపి పట్టవచ్చు. ఈ క్యాప్సూళ్లు పీహెచ్‌సీలో జూన్ నాటికి ఉన్నాయో లేదో ఎవరైనా అడిగి చూశారా?

మరొకటి. తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల వైరాలజీ ల్యాబులు ఉన్నాయి. ఏ వారం ఏ రకం ఫ్లూ, ఏ వయసు పిల్లల్లో కనపడిందో జిల్లాలవారీగా తెలుగులో ఒక పేజీ వేయించండి. దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. అప్పుడు రోజూ అంకెలు చెప్పగలిగారు, ఇప్పుడు వారానికొకసారి చెప్పలేరా?

టీకా కాగితం ఉగాదికి తయారైతే ఏప్రిల్‌లో బుధ, శనివారాల టీకా కేంద్రాల్లో పంచవచ్చు. మొదటి వాక్యంగా పెంటావాలెంట్ సంగతే రాయించండి.

ఇట్లు,
పిల్లల వైద్యులు, టీకా నర్సులు