పుస్తకంలోంచి క్యూబా తాళం

విశాఖపట్నం
ఆదివారం

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. నేను పుస్తకాలు చూసి క్యూబా పియానో నేర్చుకుంటున్నానంటే, "తాళాన్ని పుస్తకం చూసి ఎలా నేర్చుకుంటార్రా?" అన్నావు. గురువుగారి ఎదురుగా కూర్చుని, ఆయన నోటితో చెప్పిన జతిని నోటితోనే పట్టుకుని, ఆ తర్వాతే మృదంగం మీద చెయ్యేసినవాడివి నువ్వు. నీకా అనుమానం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, కాఫీ పెట్టుకో.

ముందు అసలు మాట చెప్పేస్తాను. క్యూబా పియానో వాయించడం పుస్తకాల్లోంచి వస్తుందిరా, నాకు వస్తోంది. అయితే పియానో పేజీలు మాత్రమే వాయించుకుంటూ కూర్చుంటే రాదు. ఆ పేజీ పక్కన బేస్ (మంద్రస్వరాల తీగవాద్యం) వాడి వరస ఉంటుంది, కొంగా (చేత్తో వాయించే పొడుగు డోలు) వాడిది ఉంటుంది, గంట వాడిది ఉంటుంది. వాటన్నిటినీ ముందు నోటికి తెచ్చుకోవాలి. మన కోలాటం తెలుసుగా, ఒక్కడి కర్రల దెబ్బలు మాత్రం కాగితం మీద రాసుకుంటే అందులో ఆట ఎక్కడుంటుంది? ఇదీ అంతే.

ఈ సంగీతానికి పునాది క్లావే అనే దెబ్బల వరస. దాన్ని నీకు నీ భాషలోనే చెప్తాను, చదువుతూనే చేసి చూడు. పదహారు అక్షరాలు. తకిట, తకిట, తకదిమి, తక, తకదిమి. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టు. అయిదు దెబ్బలు పడతాయి. మొదటి ఎనిమిది అక్షరాల్లో మూడు, తర్వాతి ఎనిమిదిలో రెండు. దీన్ని సోన్ క్లావే అంటారు, మూడు-రెండు వరస. రుంబా క్లావే కావాలంటే మూడో దెబ్బ ఒక్క అక్షరం ఆలస్యంగా పడుతుంది: తకిట, తకదిమి, తకిట, తక, తకదిమి. ఒక్క అక్షరమే తేడా, కానీ నడక మొత్తం మారిపోతుంది. నువ్వు వెంటనే పట్టేస్తావు.

వాయించడానికి గట్టి చెక్కతో చేసిన రెండు పొట్టి కర్రలుంటాయి, వాటి పేరు కూడా క్లావేసే. ఒకదాన్ని ఎడమచేతి వేళ్ల మీద వదులుగా పెట్టుకుంటారు. గట్టిగా పట్టుకుంటే మోగదు. కింద అరచేతిలో గుల్ల ఉండాలి, ఆ గుల్లలోంచే మోత పుడుతుంది. రెండో కర్రతో నడిమికి కొడతారు. మా పక్కవీధి వడ్రంగితో టేకు ముక్కలు నున్నగా తిప్పించుకున్నాను, ఖణేల్మంటున్నాయి.

ఇదే క్లావేని రెండో సగం నుంచి మొదలుపెడితే రెండు-మూడు వరస. ముందు రెండక్షరాలు ఖాళీ, ఆ తర్వాత తక, తకదిమి, తకిట, తకిట, తక. చూశావా, సమం మీద, అంటే తాళం మొదలయ్యే అక్షరం మీద, చప్పుడే లేదు! పాట ఏ వరసలో ఉందన్నది దాని పల్లవి నడకే చెప్తుంది. ఒకసారి మొదలయ్యాక క్లావే తిరగబడదు, మిగతా అందరూ దానికి ఒదిగి నడవాల్సిందే. కొన్ని పాటల్లో క్లావే కర్రలు మోగనే మోగవు, అయినా వాయించేవాళ్లందరి లోపలా అది నడుస్తూనే ఉంటుంది.

ఇక బేస్. దాని వరసని తుంబావో అంటారు. ఎనిమిది అక్షరాల్లో నాలుగోదాని మీద ఒకటి, ఏడోదాని మీద ఒకటి. అంతే, సమం ఖాళీ. ఆ ఏడో అక్షరం మీద పడే స్వరం, రాబోయే కార్డుది (కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి)! అంటే కొత్త కార్డు గడపలోకి రాకముందే బేస్ వాడు దాన్ని పిలిచేస్తాడు. మన అతీత ఎడుపు (తాళం కంటే ముందే పాట ఎత్తుకోవడం) వినీ వినీ ఉన్న చెవికి ఇది బొత్తిగా పరాయిగా అనిపించదు. అయితే మనకి అది పాట ఎత్తుకునే చోటు, వీళ్లకి పాట పొడుగునా నడకే అది. కాలితో తాళం వేస్తూ, నోటితో తుంబావో అంటూ, చేత్తో క్లావే కొట్టడం మొదట్లో మహా కష్టంగా ఉంటుంది. నీకు ఉండదనుకో.

ఇవన్నీ ఒంటికి పట్టాకే పియానో దగ్గరికి రావాలి. పియానో పదే పదే వాయించే ఆ రెండు పట్టీల వరసని (పట్టీ అంటే ఎనిమిది అక్షరాల ముక్క) మొంతూనో అంటారు. రెండు-మూడు క్లావేలో అన్నిటికంటే మామూలు మొంతూనో ఇలా పడుతుంది: మొదటి సగంలో 1, 3, 4, 6, 8 అక్షరాల మీద, రెండో సగంలో 10, 12, 14, 16 మీద. కుడిచేతి బొటనవేలూ చిటికెనవేలూ ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో పట్టుకుంటాయి, మధ్యవేళ్లు కార్డులోని మిగతా స్వరాల్ని నింపుతాయి. ఎడమచేయి కూడా అదే లయలో కింది స్థాయిలో నడుస్తుంది. పెడల్ తొక్కకూడదు, స్వరాలు తెగి తెగి వినబడాలి. మొదటి సగం నేల మీద కాలు పెట్టి బయల్దేరుతుంది, రెండో సగమంతా గాల్లోనే. అందమైన సంగతి ఇంకోటుంది. క్లావే దెబ్బలు అయిదింటిలో ఈ వరస కలిసేది రెండింటితోనే, 3 మీదా 12 మీదా. మిగతా చోట్ల రెండూ ఒకదాన్నొకటి తప్పుకుంటూ పోతాయి. కాగితం మీద గళ్లు గీసి ఒకదాని కింద ఒకటి పెట్టి చూసినప్పుడు నాకిది కనబడింది. ఆ పూట కుర్చీలోంచి లేవలేదంటే నమ్ము.

పియానో ఎందుకిలా వాయిస్తుందో తెలియాలంటే దాని వెనక ఉన్న తీగవాద్యాన్ని తెలుసుకోవాలి. దాని పేరు త్రెస్. చూడ్డానికి గిటారే, కాని మూడు జతల తీగలు. క్యూబా తూర్పు కొండప్రాంతంలో, సాంతియాగో, గ్వాంతానమో వైపు, సోన్ అనే పాటకి అదే వెన్నెముక. త్రెస్ మీద ఒక్కో తీగనీ మీటుతూ పోయే వరసని గ్వాహేయో అంటారు. ఆ సోన్ హవానాకి చేరింది, బృందాలు పెద్దవయ్యాయి. అర్సేనియో రోద్రిగేస్ అని 1911లో పుట్టిన మహానుభావుడు, చిన్నప్పుడే చూపు పోయింది, త్రెస్ వాయించడంలో దిట్ట. 1940ల్లో ఆయన తన బృందంలోకి పియానో, కొంగా, ఒకటికి మించి ట్రంపెట్లు తెచ్చి కొన్‌హుంతో అనే మేళాన్ని నిలబెట్టాడు. అప్పుడు పియానో త్రెస్ పక్కన కూర్చుని త్రెస్ భాషే మాట్లాడటం మొదలుపెట్టింది. అందుకే రెండు చేతులూ ఒకే వరస వాయిస్తాయి, అందుకే ఆ జంట స్థాయిల మోత. జంట తీగల గలగలలోంచి వచ్చిందది. ఈ సంగతి తెలిశాక నా వేళ్ల బరువే మారింది. ఇప్పుడు కీని నొక్కడం మానేసి మీటినట్టు తాకుతున్నాను.

అర్సేనియో దగ్గర వాయించిన పియానో వాళ్లలో లిలీ మార్తీనెస్ నా ప్రాణం. గ్వాంతానమోలో పుట్టినవాడు. ఆయన మొంతూనోలు ఒకే మూసలో తిరగవు, పాడుకోడానికి వీలుగా ఉంటాయి. ఇప్పటి సాల్సా (క్యూబా పాటల్లోంచి పెరిగిన నాట్యసంగీతం) పుస్తకాల్లో ఉండే గట్టి అచ్చు వరసలకీ ఆయన వాయించినదానికీ చాలా దూరం. మొదట అచ్చు వరస నేర్చుకోవడం అవసరమే, కాదనను. కాని అక్కడే ఆగిపోయినవాళ్ల వాయింపు వింటే నాకు ఉసూరుమంటుంది.

దన్సోన్ అనే నాట్యసంగీతం ఇంకో పాయ కూడా ఉంది. మతాన్సాస్ ఊళ్లో మిగేల్ ఫాయిల్దే 1879 జనవరి 1న వినిపించిన పాటతో అది మొదలైందని చెప్తారు. అందులో సింకీయో అనే అయిదు దెబ్బల నడక ఉంటుంది: తక, త, తక, త, తక. ఎనిమిది అక్షరాలకి సరిపోయిందా? ఆ మేళాల్లో వేణువు, వయొలిన్లు, పియానో. 1938లో ఒరెస్తెస్ లోపెస్ అనే సంగీతకారుడు 'మంబో' అని పేరుపెట్టిన దన్సోన్ చివర్లో సోన్ నడకని తెచ్చి కలిపాడు. దాంతో ఆ పెద్దమనుషుల నాట్యానికి కొత్త ఊపొచ్చింది. అక్కణ్ణించి చచచా అనే నాట్యం దాకా పెద్ద కథే ఉంది, ఇప్పుడు రాస్తే నా పెన్నులో సిరా చాలదు.

పుస్తకాల పేర్లు అడిగావుగా. రెబెకా మౌలేయోన్ రాసిన సాల్సా గైడ్‌బుక్, 1993లో వచ్చింది. పియానోకే కాదు, మేళం మొత్తానికీ రాసిన పుస్తకం. ఎవరి వరస ఎవరి కింద పడుతుందో పేజీలో నిలువుగా కనబడుతుంది, దాని విలువంతా అక్కడే ఉంది. ఆవిడదే '101 మొంతూనోస్' 1999లో వచ్చింది. చాలామంది రెండోదే ముందు కొంటారు, అందులో వాయించడానికి వెంటనే దొరుకుతుంది కాబట్టి. నా మాట విను, మొదటిది ముందు. ఇరాకెరె అనే క్యూబా బృందంలో బేస్ వాయించిన కార్లోస్ దెల్ పుయెర్తో రాసిన బేస్ పుస్తకం ఒకటుంది, పియానో వాడు కూడా అది చదవాల్సిందే అంటాను.

పేజీ తెరవగానే బెదిరిపోకు. పట్టీగీత దాటి స్వరాన్ని స్వరానికి కలుపుతూ టై గీతలు కుప్పలుగా ఉంటాయి. పాత ముద్రణల్లో రెండు-బై-నాలుగు తాళగుర్తుతో రాసేవారు, ఇప్పుడు ఎక్కువగా రెండు-బై-రెండుతో రాస్తున్నారు. అందుకే ఒకే వరస రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనబడుతుంది. నేను కళ్లతో లెక్కపెట్టడం మానేసి, ప్రతి వరసనీ సొల్లుకట్టుగా (తకిట, తకదిమి లాంటి జతులుగా) నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అలా రాసుకున్నది మర్చిపోవడమన్నది లేదు. ఆ తర్వాత లయ కొట్టే మెట్రోనోమ్‌ని నెమ్మదిగా పెట్టి, ఒకే మొంతూనోని సి, ఎఫ్, జి, ఎఫ్ కార్డుల మీద ఆపకుండా వాయిస్తాను. కార్డు మారేది ఎనిమిదో అక్షరం మీద, అంటే సమానికి ఒక్క అక్షరం ముందే. బేస్ ఇంకా ముందు, ఏడు మీదే మారిపోతుంది. ఆ రెండూ వరసగా తోసుకొచ్చి సమాన్ని దాటిపోయే చోట ఒళ్లు జలదరిస్తుందిరా.

పుస్తకం ఇవ్వలేనిది ఒకటుంది, ఒప్పుకోవాలి. రాసినదాన్ని రాసినట్టు సమంగా వాయిస్తే అది క్యూబాలా ఉండదు. అక్షరాలు నాలుగు నడకకీ మూడు నడకకీ మధ్య ఎక్కడో కొద్దిగా ఒరిగి ఉంటాయి. అది రికార్డుల్లోంచే చెవికెక్కాలి. నేను రూబెన్ గొన్సాలెస్‌ని వింటున్నాను. అర్సేనియో బృందంలో కుర్రతనంలో వాయించినవాడు. 1996లో, డెబ్బై దాటిన వయసులో, హవానాలోని ఎగ్రెమ్ స్టూడియోలో బ్వేన విస్త సోషల్ క్లబ్ అనే ఆల్బమ్ రికార్డింగులకి ఆయన్ని పిలిచారు. అప్పటికి కీళ్లనొప్పులు, ఇంట్లో పియానో కూడా లేదు. రోజూ పొద్దున్నే స్టూడియో తలుపు తీసేసరికే వచ్చి నిలబడి ఉండేవాడట, ఎప్పుడు వాయిద్దామా అని. ఆయన మొంతూనో వాయిస్తుంటే మధ్యలో ఎక్కడో చిన్న మెలిక పెడతాడు, మళ్లీ ఏమీ ఎరగనట్టు వరసలోకి వచ్చేస్తాడు. ఆ మెలిక ఏ అక్షరం మీద పెడుతున్నాడో రాసుకోవడమే ఇప్పుడు నా పని. నెమ్మదిచేసి వింటున్నాను, ఇంకా పూర్తిగా చిక్కలేదు.

ఇక నీతో పని. దసరాకి వస్తానన్నావుగా, ఖంజీర తప్పకుండా తీసుకురా. మృదంగం బస్సులో వద్దులే. నువ్వొచ్చేలోపు మూడు పట్టుకో: రెండు-మూడు సోన్ క్లావే, రుంబా క్లావే, తుంబావో. మొదటి రెండూ చప్పట్లతో, తుంబావో నోటితో. వేగం ఎక్కువొద్దు, నిమిషానికి 80 చాలు, నాలుగక్షరాలకి ఒక దెబ్బ లెక్కన. మొదటి రోజంతా నువ్వు క్లావేనే కొట్టు, నేను మొంతూనో వాయిస్తాను. రెండో రోజు నువ్వు తుంబావో నోటితో అంటూ ఖంజీర మీద నీ ఇష్టమొచ్చినట్టు అల్లుకో, నేను కదలకుండా ఉండగలనేమో చూద్దాం. అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు. ఏ రైలుకి వస్తున్నావో ముందే రాయి, స్టేషన్‌కొస్తాను.

నీ
మూర్తి