గోడ కదలడం లేదని తేల్చారు, సంతోషం

తిరుపతి,
డిసెంబరు 22.

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: తూపిలిపాలెం తీరంలో ఉన్న మా పవన లైడార్ (లేజర్ కాంతితో గాలి వేగాన్ని కొలిచే యంత్రం) గురించి 38 రోజులుగా ఎవరూ జవాబు చెప్పకపోవడం.

అయ్యా,

మీ పరికరం చెడిపోయినందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. ఉప్పుగాలిలో నిలబెట్టిన యంత్రం ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుందని, ఇరవై ఏళ్లుగా వాతావరణ శాస్త్రం బోధిస్తున్న నాకు తెలుసు. అది మొరాయించిందన్న ఒక్క ముక్క మీ చెవిన వేయడానికి నేను పడిన పాట్లు మీరు తెలుసుకోవాలని రాస్తున్నాను.

నవంబరు 14 ఉదయం వరకు తీరం నుంచి రెండు మూడు కిలోమీటర్ల దూరం దాకా సముద్రం మీది గాలి వేగాన్ని చెప్పిన లైడార్, ఆ మధ్యాహ్నం నుంచి అర కిలోమీటరు దాటి ఏమీ చెప్పడం మానేసింది. వెంటనే మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత పలికిన అబ్బాయి, నా నోట 'లేజర్' అన్న మాట వినీ వినగానే, గదుల కొలతలు తీసుకునే చేతి పరికరాల విభాగానికి నన్ను బదిలీ చేశాడు. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఒకసారి గోడకు గురిపెట్టి చూడండి మేడమ్" అంది. ఊళ్లోని మంచినీళ్ల ట్యాంకు గోడకు గురిపెట్టించాను. వేగం సున్నా వచ్చింది. "అయితే బాగానే పనిచేస్తోందండీ" అని ఆమె అప్పటికప్పుడు ఫిర్యాదు మూసేసింది. గోడ కదలడం లేదని కంపెనీ తరఫున ధ్రువీకరించినందుకు కృతజ్ఞతలు. మా సందేహం గోడ గురించి కాదు, గాలి గురించి.

రెండో ఫిర్యాదుకు, "ప్రియమైన సర్" అన్న సంబోధనతో, ముందే రాసిపెట్టుకున్న ఈమెయిల్ ఒకటి వచ్చింది. గాలిలో ధూళికణాలు తక్కువగా ఉంటే సంకేతం బలహీనపడుతుందని అందులో పాఠం చెప్పారు. అది నిజమే, లేజర్ కాంతి తిరిగి రావాలంటే గాలితో పాటు కొట్టుకుపోయే ధూళో, ఉప్పు రేణువులో ఎదురుపడాలి, భారీ వాన వాటిని కడిగేస్తే కొలత దూరం తగ్గుతుంది. కానీ వాన వెలిసి, అలలు మళ్లీ ఉప్పు తుంపర్లు చిమ్ముతున్న తీరంలో, వారాల తరబడి గాలి అంత శుభ్రంగా ఎలా మిగిలిపోయిందో రాసినవారు వివరించలేదు. అదే మాట అడిగితే, అద్దం తుడవమన్నారు. మా పరిశోధక విద్యార్థిని రోజూ ఉదయాన్నే మంచినీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో తుడుస్తున్న ఆ అద్దాన్ని ఫోటో తీసి పంపితే, ఫైలు సైజు ఎక్కువైందని తిప్పికొట్టారు.

ఇక మీ టెక్నీషియన్ గారి సంగతి. పరికరం వాకాడు మండలంలో సముద్రపు ఒడ్డున ఉందని మూడుసార్లు చెప్పినా, బిల్లు మీద చిరునామా తిరుపతి కాబట్టి ఆయన మా కళాశాలకు వచ్చారు. తీరానికి రెండు గంటలకు పైగా ప్రయాణమని విని, కాసేపు ఆలోచించి, కొండపైకి సిఫారసు లేఖ దొరుకుతుందా అని అడిగారు. (తిరుపతిలో ఉన్నందుకు ఈ ప్రశ్న మాకు కొత్త కాదు.) మర్నాడు నా బల్ల మీద ఒక లడ్డూ, నా ఫోన్‌లో "మీ సమస్య పరిష్కరించబడింది" అన్న సందేశం, రెండూ ఉన్నాయి. లడ్డూ మాత్రం నిజమైనదే.

మేము మీకు కొత్త కస్టమర్లమూ కాము. పదకొండేళ్ల క్రితం మొదటి పవనవేగమాపకం మీ దగ్గరే కొన్నాము. లైడార్ అమ్మడానికి వచ్చిన మీ ప్రతినిధి, 2017లో గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో సముద్రంలోనే వేదిక కట్టి లైడార్ పెట్టిన సంగతి అరగంట సేపు వర్ణించి, ఇప్పుడు గాలిని కొలవడానికి ఎత్తైన స్తంభాలతో పని లేదని మమ్మల్ని ఒప్పించారు. గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఎన్నో ఏళ్లుగా ఆకాశంలోని గాలులను కొలుస్తున్న ప్రాంతం మాది. పరికరాన్ని ఎలా చూసుకోవాలో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. సుమారు 1.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతిని పంపితే, సెకనుకు ఒక మీటరు చొప్పున ఎదురొచ్చే రేణువు దాని పౌనఃపున్యాన్ని 1.3 మెగాహెర్ట్జ్ మేర, అంటే దాదాపు 15 కోట్లలో ఒక వంతు మారుస్తుంది. అంత స్వల్పమైన మార్పును పసిగట్టే యంత్రాన్ని తయారుచేసిన కంపెనీకి, ఒక కస్టమర్ 38 రోజులుగా పెడుతున్న కేకలు వినిపించకపోవడం నాకు అంతుపట్టని విషయం.

ఈలోగా మేము కొలవాలనుకున్న ఈశాన్య రుతుపవనాల గాలి చాలావరకు వీచి వెళ్లిపోయింది. దాన్ని మీరు వారంటీ కింద కూడా తిరిగి ఇవ్వలేరు. మొన్న తీరానికి వెళ్లినప్పుడు వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన, "మీ పెట్టె కన్నా మా పడవ మీద కట్టిన గుడ్డముక్కే మేలు గదమ్మా" అన్నాడు. కాదనడానికి నా దగ్గర కొలతలు లేవు.

లైడార్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకరు, తన సొంత పేరుతో సంతకం చేసి నాకు రాయాలి. ఆయన తిరుపతి రాకుండా నేరుగా తూపిలిపాలెం వచ్చి పరికరం చూడాలి, బాగు కాకపోతే మరొకటి పెట్టాలి. పోయిన రోజులన్నీ వారంటీకి కలపాలి. జనవరి 5 లోగా ఇవేవీ జరగకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ గడప ఎక్కుతాను. ట్యాంకు గోడ మీద వచ్చిన సున్నా రీడింగు, ఫిర్యాదు మూసేసిన సందేశాలు, ఫైలు సైజు ఎక్కువైన ఆ ఫోటో అన్నీ అక్కడ సమర్పిస్తాను. అక్కడ సైజు అడ్డు రాదనుకుంటున్నాను.

ఇట్లు,
మీ పదకొండేళ్ల కస్టమర్,
మీ రికార్డుల్లో మాత్రం "ప్రియమైన సర్".