ఆరు గోల్స్ పడిన సంగతి, వెనకలైన్ పిల్లల సంగతి

అమ్మలకి, నాయనలకి, ఇంట్లో పెద్దోళ్ళందరికీ నమస్కారం.

ఈ నెల పరీక్షల గురించి రాద్దామని కూర్చున్నా కానీ పోయిన శనివారం నుంచి మీరందరూ మాట్లాడతా ఉండేది ఒకటే విషయం కాబట్టి దాంతోనే మొదలుపెడతా. అవును, మన ఫుట్‌బాల్ టీమ్ 6-0తో ఓడిపోయింది. దానికి ముందు వారం 4-1, అంతకుముందు 3-0. సోమవారం పొద్దున గేట్ దగ్గర ఐదారుమంది నన్ను నిలబెట్టి అడిగినారు, ఇద్దరు ఫోన్ చేసినారు, ఇంక వాట్సాప్ గ్రూపుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఆటలు నేర్పించే పిడి సార్‌ని మార్చమని ఒకరు, టీమ్ ఎత్తేసి పిల్లల్ని చదువు మీద కూర్చోబెట్టమని ఇంకొకరు, పోయినేడు ఆడిన పిల్లల్ని ఎట్లైనా రప్పించి ఆడించమని మరొకరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాసేస్తే మేలనిపించింది.

ముందు అసలు మాట చెప్పేస్తా. వెనకలైన్, అంటే మన గోల్ ముందర కాపలా కాసేవాళ్ళు, మారదు. ఈ నలుగురే ఆడతారు, గోల్‌లో ఈ పిల్లోడే ఉంటాడు, పిడి సార్ కూడా ఉంటారు. సీజన్ అయ్యేదాకా ఇంతే.

పోయినేడు వెనక ఆడిన నలుగురూ, గోల్‌కీపరూ, ఐదుమందీ టెన్త్ పిల్లలే. ఆరో తరగతి నుంచి కలిసి ఆడినోళ్ళు. ఒకడు బాల్ మీదకి పోతే ఇంకొకడు వాడి వెనక సందు మూసేస్తాడు, ఎవరూ అరిచి చెప్పే పనే ఉండేది కాదు. ఐదుమందీ మంచి మార్కులతో పాసై ఇంటర్‌కి వెళ్ళిపోయినారు, మాకు సంతోషమే, కానీ జూన్‌లో బడి తెరిచేసరికి ముందు ఆడేవాళ్ళు ఉన్నారు, మధ్యలో ఉన్నారు, వెనక మాత్రం ఖాళీ. ఏడాదికి ఇద్దర్ని చొప్పున చిన్నోళ్ళని కలుపుకుంటా వచ్చుంటే ఇంత కష్టం ఉండేది కాదు. గెలుస్తా ఉన్నాం కదా అని వాళ్ళనే ఆడిస్తా పోయినాం, అది మా తప్పే, ఒప్పుకుంటా ఉన్నా. కానీ పాసైపోయిన పిల్లల్ని పేరు మార్చో వయసు మార్చో ఆడించండి అనే మాట మాత్రం దయచేసి ఇంకోసారి నా దగ్గర అనొద్దు, పిల్లల ముందర అసలే అనొద్దు.

ఇప్పుడు వెనక ఉండేది ఎవరంటే, రెండు సైడ్లలో ఇద్దరు ఎనిమిదో తరగతి, మధ్యలో అడ్డం నిలబడే స్టాపర్‌గా ఒక ఏడో తరగతి పిల్లోడు, వాడి పక్కన తొమ్మిదో తరగతి కెప్టెన్. గోల్‌కీపర్‌కి 13 ఏళ్ళు. మనం ఆడే గ్రౌండ్‌లో ఉండేది పెద్దోళ్ళ గోల్, వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఆ పిల్లోడు చెయ్యి ఎత్తి ఎగిరినా పైకమ్మి అందదు, ఆ సంగతి మ్యాచ్ చూసినోళ్ళకి తెలుసు. అయినా ఆదివారం పొద్దున ఆరింటికే బడికొచ్చి, వాచ్‌మన్‌ని అడిగి గేట్ తీయించుకోని, ఒక్కడే సైకిల్ స్టాండ్ గోడకి బాల్ కొట్టుకుంటా పట్టుకుంటా ఉన్నాడంట. ఆరు గోల్స్ తిన్న మర్నాడు. పేరు రాయను, రాస్తే వారం రోజులు నా ముఖం చూడడు.

మీరు ఎక్కువ మాట్లాడతా ఉండే మూడో గోల్ గురించి ఒక మాట. నేను లెక్కల టీచర్ని, నాకు ఆఫ్‌సైడ్ చూస్తే జామెట్రీ పీరియడే గుర్తొస్తుంది. అవతల పిల్లోడికి బాల్ వేసే క్షణంలో వాడు మన సగంలో, బాల్ కంటే ముందుండి, మనోళ్ళలో చివరి నుంచి రెండో మనిషి కంటే కూడా ముందుంటే ఆఫ్‌సైడ్, వాడు గోల్ కొట్టినా చెల్లదు. చివర గోల్‌కీపర్ ఉంటాడు కాబట్టి మామూలుగా మన నలుగురూ ఒక గీత మాదిరి కలిసి ముందుకి అడుగేస్తే చాలు, వాడు వలలో పడతాడు. శనివారం ముగ్గురు అడుగేసినారు. ఎడమవైపు పిల్లోడు లేసు ఊడిపోతే వంగి కట్టుకుంటా వెనకే ఉండిపోయినాడు. వాన పడి గ్రౌండంతా బురద, లేసు తడిసి ముడి పడక రెండుసార్లు జారింది, నేను అవతల లైన్ దగ్గరే నిలబడి చూస్తా ఉన్నా. వాడు తలెత్తేసరికి బాల్ వాడి మీదుగా పోయింది, కెప్టెన్ చెయ్యెత్తి ఆఫ్‌సైడ్ అని అరస్తా ఉన్నాడు, రిఫరీ వెనకుండిపోయిన ఆ లేసు పిల్లోడిని చూపించి ఆడమన్నాడు, ఆయన చేసింది కరెక్టే. నలుగురిలో ఒక్కడు ఒక్క అడుగు వెనకున్నా ఆ గీత చెదిరిపోతుంది. ఇది రాత్రికి రాత్రి వచ్చే విద్య కాదు, కలిసి ఆడతా ఆడతా ఒకడి అడుగు ఇంకొకడికి తెలియాలి. అందుకే మార్చను అంటా ఉన్నా, వారానికొకర్ని మారిస్తే ప్రతి వారం మళ్ళీ మొదటికే వస్తాం.

రెండో గోల్ గురించి కూడా, గట్టిగా తన్నేసి ఉంటే పోయేది కదా అని చాలామంది అన్నారు. 2019 నుంచి రూల్ మారింది, గోల్ కిక్‌ని, అంటే అవతలోళ్ళు కొట్టిన బాల్ గోల్ పక్కన గీత దాటి పోతే మన గోల్ దగ్గర నుంచి తన్నేదాన్ని, మన పిల్లోడు గోల్ ముందర గీసుండే పెనాల్టీ బాక్స్ లోపలే అందుకోవచ్చు, పిడి సార్ అట్ల దగ్గర దగ్గరగా పాస్ ఇచ్చుకుంటా పైకి రావడం నేర్పిస్తా ఉన్నారు. ఏడో తరగతి పిల్లోడు కంగారుపడి బాల్ అవతలోడి కాలికే ఇచ్చేసినాడు. పడింది గోల్. ఆ పిల్లోడే సెకండ్ హాఫ్‌లో మళ్ళీ గోల్‌కీపర్ వైపు చెయ్యెత్తి బాల్ అడిగినాడు చూడండి, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఇంకో సంగతి, మొదటి 25 నిమిషాలు ఒక్క గోల్ కూడా పడలేదు, అవతలోళ్ళని మూడుసార్లు ఆఫ్‌సైడ్‌లో పట్టినారు, దీని గురించి గ్రూపులో ఒక్కరూ రాయలేదు.

కెప్టెన్ గురించి రాయకుండా ఉండలేను. పోయినేడు టీమ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆ అబ్బాయే. జూన్‌లో వెనక ఎవరూ లేరని తెలిసి వాడే పిడి సార్ దగ్గరికి పోయి "సార్, నేను స్టాపర్ ఆడతా, చిన్నోళ్ళకి పక్కన ఒకరు ఉండాల కదా" అన్నాడంట. 14 ఏళ్ళ పిల్లోడు. ఈ ఏడు వాడి పేరు మీద ఒక్క గోల్ లేదు, మా అబ్బాయిని మూలన పడేసినారని వాళ్ళమ్మ నా దగ్గర బాధపడింది. తల్లీ, మూలన పడేయలేదు, టీమంతా వాడి మీదే నిలబడి ఉంది, ఈ మాట నీకు చెప్పినా, అందరికీ తెలియాలని ఇక్కడ కూడా రాస్తా ఉన్నా.

ఇట్లాంటి విషయం మన దేశంలో చాలా పెద్దగా జరిగింది, మీ పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు చెప్పండి. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు, రహీం సాబ్, ఆయన మొదట బడిపంతులు. అట్లాంటి మనిషి భారత జట్టుకి కోచ్ అయ్యి 1951 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చినాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకుపోయినాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయినాం. తర్వాత థాయ్‌లాండ్ మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడినాయి. ఆ మనిషిని రహీం గారు ఇంటికి పంపలేదు, వెనక నుంచి తీసి ముందు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించినాడు, ఫైనల్‌లో అదే కొరియా మీద తలకి ఆ కుట్లు ఉండంగానే జర్నైల్ గోల్ కొట్టినాడు, 2-1తో గోల్డ్ మనకొచ్చింది. ఆ టీమ్‌లో సికింద్రాబాద్ పిల్లోడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. రహీం గారు అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, 1963లో పోయినారు. జర్నైల్ వెనక నుంచి ముందుకి పోయినాడు, మన కెప్టెన్ ముందు నుంచి వెనక్కి వచ్చినాడు, నా లెక్కలో రెండూ ఒకటే. ఆటల పీరియడ్ తీసేసి మ్యాథ్స్‌కి ఇవ్వండి మేడం అని అడిగేవాళ్ళకి, 22 ఏళ్ళు మ్యాథ్స్ చెప్పిన మనిషిగా చెప్తా ఉన్నా, ఇవ్వను. పడినాక లేవడం, తన పక్కనోడి తప్పుని తను మూయడం, నోరు తెరిచి "వెనక మనిషి ఉన్నాడు చూసుకో" అని స్నేహితుడికి అరిచి చెప్పడం, ఇవి నా బ్లాక్‌బోర్డు మీద నేను నేర్పించలేను. మొదట్లో ఈ నలుగురూ గ్రౌండ్‌లో ఒక్క మాట మాట్లాడేవాళ్ళు కాదు, చేతిలో ఫోన్ లేకపోతే ఏం చెప్పాలో తెలియని పిల్లలు, ఇప్పుడు వాళ్ళ గొంతులు రోడ్డు దాకా వినిపిస్తా ఉన్నాయి.

ఇంక ఇంటి సంగతులకి వస్తా, ఏమీ అనుకోవద్దు. కుడివైపు ఆడే పిల్లోడు శుక్రవారం రాత్రి ఊరి నుంచి చుట్టాలొచ్చినారని వాళ్ళతో అలిపిరి నుంచి నడిచి కొండెక్కినాడు, 3,550 మెట్లు, తెల్లవారుజామున దిగొచ్చి నేరుగా గ్రౌండ్‌కి వచ్చినాడు. స్వామి దర్శనానికి అడ్డం చెప్పేదాన్ని కాదు, తిరుపతిలో ఉంటే చుట్టాలు వస్తారు, మా ఇంటికీ వస్తారు. కానీ మ్యాచ్ ముందు రాత్రి దోవ చూపించేదానికి ఇంట్లో ఇంకో మనిషి దొరకరా అని ఆలోచించమని అడుగుతా ఉన్నా. సెకండ్ హాఫ్‌లో ఆ పిల్లోడు పిక్కలు పట్టేసి కింద కూర్చుంటే పిడి సార్ కాళ్ళు నొక్కతా ఉన్నారు, లైన్ బయట నుంచి ఒక పెద్దాయన "లేచి పరిగెత్తరా" అని అరస్తా ఉన్నారు. ఆయన ఆ పిల్లోడి మామే.

ఏమీ తినకుండా వచ్చేవాళ్ళు ముగ్గురున్నారు. రెండు ఇడ్లీలు, లేదంటే ఒక గ్లాసు రాగిజావ, అంతే అడుగుతా ఉన్నా, కూల్‌డ్రింకు, చిప్స్ పొట్లం టిఫిన్ కాదు. రాత్రి పన్నెండింటికి పిల్లోడు గ్రూపులో మెసేజ్ పెడతా ఉంటే ఆ ఫోన్ ఎవరిదో మీకు తెలుసు, నాకూ తెలుసు. అన్నిటికంటే నాకు కష్టమైంది ఆ వీడియో. రెండో గోల్‌ని కట్ చేసి నవ్వే బొమ్మలు పెట్టి ఎవరో ఒక తండ్రి గ్రూపులో వేసినారు, ఆ ఏడో తరగతి పిల్లోడు దాన్ని వాళ్ళ అక్క ఫోన్‌లో చూసినాడు. సోమవారం బడికి రానన్నాడు, వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకోని తీసుకొచ్చింది. వేసినవారు మంచివారే, ఆలోచించకుండా వేసుంటారు, ఈ రోజు సాయంత్రానికి తీసేస్తారని నమ్మకం ఉంది. తీసేసి ఆ పిల్లోడితో ఒక మంచి మాట మాట్లాడితే ఇంకా సంతోషం.

మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ప్రతి మ్యాచ్‌కి లాంగ్ నోట్‌బుక్ పట్టుకోని వచ్చి ఏ గోల్ ఎటువైపు నుంచి పడిందో బొమ్మ గీసి రాస్తా ఉంది, ఎవరూ చెప్పకుండానే. ఈ మూడు మ్యాచ్‌ల్లో పడిన 13 గోల్స్‌లో 9 మన ఎడమవైపు నుంచే వచ్చినాయని చూపించింది. పిడి సార్ ఆ నోట్‌బుక్ అడిగి తీసుకోని ఈ వారం ప్రాక్టీస్ మొత్తం దాని ప్రకారమే పెట్టినారు, ఎడమవైపు పిల్లోడికి సాయంగా మధ్యలో ఆడేవాడు ఒకడు వెనక్కి వస్తా ఉన్నాడు. అమ్మాయిల టీమ్ ఎప్పుడు మేడం అని కూడా అడిగింది, వచ్చే జూన్‌లో అని మాటిచ్చినా, ఇక్కడ రాస్తా ఉన్నా కాబట్టి తప్పించుకోలేను.

మిగతావి త్వరగా చెప్పేస్తా. పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించినాం, చూసి సంతకం పెట్టండి. రెండో టర్మ్ ఫీజు కట్టనివాళ్ళు ఆఫీసులో మాట్లాడండి. చలి మొదలైంది, స్వెటర్ నేవీ బ్లూ మాత్రమే. రేణిగుంట రోడ్డు బస్సు పొద్దున పది నిమిషాలు ముందుగా వస్తుంది. పేరెంట్స్ మీటింగ్‌కి అమ్మానాన్నల్లో ఒకరైనా రండి, డ్రైవర్‌ని పంపొద్దు.

వచ్చే శనివారం ఏడున్నరకి మ్యాచ్. ఈసారి కూడా ఓడిపోవచ్చు, అవతల టీమ్ బలమైంది. వీలైనవాళ్ళు రండి, చప్పట్లు కొట్టండి, పిల్లల పేర్లు పెట్టి తిట్టొద్దు, ఏం చెయ్యాలో చెప్పేదానికి పిడి సార్ ఉన్నారు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ తీసేసుకోని పడుకోబెట్టండి. బూట్లు ముందురోజే కడిగి ఆరబెట్టండి, లేసులు పాతవైతే కొత్తవి కొనివ్వండి, కొనలేనివాళ్ళు నాతో చెప్పండి, నా బీరువాలో 10 జతలు తెచ్చి పెట్టినా. బస్సు బడి దగ్గర ఆరూముక్కాలుకి బయల్దేరుతుంది, ఎవరి కోసమూ ఆగదు.

ఇట్లు,
మీ హెచ్‌ఎం