నీ సెన్సారు పోలేదురా

విజయవాడ,
ఆదివారం

ఏరా శీనూ,

మీ డాబా మీద నువ్వు పెట్టుకున్న వాతావరణ సెన్సారు నుంచి పంపిన గాలి పీడనం అంకెలు చూశాను. పొద్దున పదింటికి 1006 హెక్టోపాస్కల్స్ (పీడనం కొలిచే యూనిట్లు), సాయంత్రం నాలుగింటికి 1002. దాంతో సెన్సారు పోయిందని తేల్చేశావు! గాలికీ ఆటుపోట్లుంటాయిరా. ఎండకి పై వాతావరణం వేడెక్కడం వల్ల పీడనం పదింటి ప్రాంతంలో పెరిగి, నాలుగింటికి తగ్గుతుంది. రాత్రి పూటా అంతే. మనవైపు మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ తేడా మామూలే. అది నీ గ్రాఫులో కనపడిందంటే నీ సెన్సారు చిప్పు బీఎంపీ280 శుభ్రంగా పనిచేస్తున్నట్టే. వాయుగుండం జాడ పట్టాలంటే ఇవాళ నాలుగింటి అంకెని నిన్న నాలుగింటి అంకెతో పోల్చు, పొద్దుటి దాంతో కాదు.

పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టి చూపించే ఆ ఫంక్షన్ మాత్రం కోడులోంచి తీసి పారెయ్. సముద్రమట్టం పీడనంగా ఎప్పుడూ ప్రామాణిక అంకె 1013.25నే ఇచ్చి అడుగుతుంటే మీ డాబా రోజూ 30 మీటర్లు లేచి దిగుతుంది.

నీ అంకె సరిగ్గా ఉందో లేదో చూడాలంటే, గన్నవరం విమానాశ్రయం వాతావరణ రిపోర్టులో Q అక్షరం పక్కనుండే నాలుగంకెలు పీడనమే, సముద్రమట్టానికి సరిచేసినవి. మీ గుంటూరు ఎత్తు సుమారు 30 మీటర్లు, మీ డాబా ఇంకో పది. తొమ్మిది మీటర్లకి ఒక హెక్టోపాస్కల్ చొప్పున నీ అంకెకి నాలుగున్నర కలిపి పోల్చు. అప్పటికీ ఒకటి అటూ ఇటూ ఉంటే అది చిప్పుకి మామూలుగా ఉండే తేడాయే, కోడులో సరిచేసుకో.

అసలు తప్పు టెంపరేచర్‌ది. సెన్సారుని నోడ్ ఎంసీయూ (అంకెలు చదివి వైఫైలో పంపే బోర్డు) పక్కనే, మూసిన డబ్బాలో పెట్టావు. వైఫై వేడంతా సెన్సారుకే. ఆ చిప్పు చెప్పేది తన ఒంటి వేడి, ఊరి వేడి కాదు. 20 సెంటీమీటర్ల వైరుతో బయటికి లాగు. ఫోర్స్‌డ్ మోడ్‌లో, అంటే అడిగినప్పుడే కొలిచే పద్ధతిలో పెట్టి నిమిషానికోసారి చదివించు. ప్రతిసారీ కొత్త కొలతకి ఆర్డరివ్వడం మర్చిపోతే పాత అంకే తిరిగి తిరిగి వస్తుంది, చూసుకో.

తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు ఐదారు బోర్లించి, మధ్య వేలెడు సందు వదిలి, లోపల సెన్సారుని వేలాడదియ్యి. చిప్పు మీది చిన్న కన్నంలో వెలుతురు పడినా పీడనం అంకె చెదురుతుంది. తడి తగలకూడదని దాని మీద వార్నిష్ పూయకు, కన్నం మూసుకుపోతుంది! ఉత్తరం గోడకి ఎండ రాదన్న ధీమా వద్దు. మన 16 డిగ్రీల అక్షాంశంలో మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానే ఉంటాడు.

వైర్లు నీకు తెలిసినవే: సెన్సారు మీది ఎస్‌సీఎల్ పిన్ను బోర్డు డీ1కి, ఎస్‌డీఏ పిన్ను డీ2కి, కరెంటు 3.3 వోల్టుల నుంచే. చిన్న మాడ్యూళ్ళలో రెగ్యులేటరు ఉండదు, 5 ఇచ్చావో అంతే సంగతులు. సెన్సారు దొరకలేదని కోడు చెబితే, అందులోని లైబ్రరీ హెక్స్ (పదహారు అంకెల లెక్క) 77 అడ్రసులో వెతుకుతూ ఉంటుంది. సెన్సారు ఎస్‌డీఓ పిన్ను గ్రౌండుకి కలిపితే అడ్రసు 76. చిప్పు రకం చెప్పే చిప్ ఐడీ కూడా చదువు, అదీ హెక్స్‌లోనే: 58 వస్తే బీఎంపీ, 60 వస్తే తేమ కూడా చెప్పే బీఎంఈ. బీఎంఈ అని అమ్మినా లోపల బీఎంపీ ఉండే మాడ్యూళ్ళు బోలెడు.

పళ్ళేలు కట్టాక రెండు రోజుల అంకెలు పంపు, వైర్ల వైపు ఫోటోతో సహా.

నీ,
రాంబాబు